ఇరవై ఎనిమిదో తేదీ సీటు

1990 జూన్ 29, శుక్రవారం

సత్యలక్ష్మి వెళ్ళిపోయింది. వరసగా ఇది మూడో వేసవి.

ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చానని రాయబోయాను కానీ అది అబద్ధం. మా ఆవిడ ఆయాగా పనిచేసే ఇంటి యజమానురాలు మామా, వాళ్ళాయన బాబా, పిల్లలు రెండు కార్లలో వెళ్ళారు. మా ఆవిడ రెండో కారులో, వాళ్ళ చిన్నపిల్ల నూరాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను టాక్సీలో వాళ్ళ వెనక పడ్డాను. టికెట్లన్నీ మా ఏజెన్సీలో నేనే రాశాను కాబట్టి కౌంటర్ దగ్గర నిలబడే హక్కు నాకుంది. బాబాకి సలాం, మామాకి సలాం, ఆఖర్న మా ఆవిడకి హ్యాపీ జర్నీ మేడమ్ అన్నాను. కిసుక్కున నవ్వి, పెరుగు తోడేసుకోవడం మర్చిపోకండి అంది.

కువైట్, లండన్, గ్లాస్గో. అక్కణ్ణుంచి కారులో కిల్లిన్ అనే చిన్న ఊరు. స్కాట్లండ్ కొండల మధ్య లాక్ టే అని పెద్ద సరస్సు, దాని ఒడ్డున ఇల్లు. రిటర్న్ ఆగస్టు 28. స్టేటస్ ఓకే, అంటే సీటు ఖాయం. ఆవిడ సీటు 23ఏ. విండో పక్కన నేనే వేయించాను.

ఎనిమిదేళ్ళుగా ఈ దేశంలో జనానికి సెలవులు అమ్ముతున్నాను. ఏ ఊరి కోడ్ అడిగినా నిద్రలో లేపినా చెబుతాను. నేను చూసిన ఎయిర్‌పోర్టులు రెండు, బొంబాయి, కువైట్. ఈ డైరీ కూడా ఏజెన్సీ వాళ్ళు కస్టమర్లకి పంచగా మిగిలినదే. నెలకో కొండ బొమ్మ ఉంది. జూన్‌కి మంచు కొండ. బయట నలభై ఎనిమిది డిగ్రీలు.

జూలై 6, శుక్రవారం

శుక్రవారం వచ్చింది, ఆవిడ రాలేదు. ఆయాగా ఆ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి మామూలు రోజుల్లో వారానికి ఒక్క శుక్రవారం నా భార్య. వేసవిలో అదీ లేదు. పెరుగు పులిసిపోయింది.

జూలై 12, గురువారం

మొదటి ఉత్తరం. నాలుగు పేజీలు. నాలుగు పేజీల్లోనూ నీళ్ళే. ఇంటి వెనక కొండ మీంచి సన్నగా నీళ్ళు జారుతున్నాయట. ఊరి మధ్యలో వంతెన, దాని కింద బండల మీద ఏరు దూకుతుంటే, మనవైపు గోదారికి కొత్తనీరొచ్చినప్పటి చప్పుడులా ఉందట. రాత్రి పదింటికి కూడా వెలుగుంటోందట. పిల్లలు పడుకోమంటే పడుకోవడం లేదట. గొర్రెలు రోడ్డుకి అడ్డం పడుకుంటే కారు ఆపి దణ్ణం పెట్టాల్సి వస్తోందట.

మీకు ఎలా ఉంది అని ఎక్కడైనా ఉందా అని రెండుసార్లు వెతికాను. చివర్లో పెరుగు సంగతి అడిగింది.

జూలై 14, శనివారం

మా ఫ్లాట్ రెండో గదిలో ఉండే సిద్ధయ్యకి ఉత్తరం చదివి వినిపించాను. అతనిది రాజంపేట వైపు. సులైబియాలో ఒక అరబ్బు తోటలో పని, తోట పికప్ నడుపుతాడు. అంతా విని, అన్ని నీల్లు పెట్టుకోని ఆ జనం ఏం పంట పండిస్తాండారన్నా అని అడిగాడు. గొర్రెలు అన్నాను. మంచిదేలే, మా ఊర్ల నీల్లు గూడా లేవు, ఉత్త గొర్రెలే అన్నాడు.

జూలై 20, శుక్రవారం

రెండో ఉత్తరం నిన్న వచ్చింది. కొండ ఎక్కారట. దారి పొడుగునా చిన్న చిన్న పొదలు, వాటికి నల్లని పళ్ళు. తింటే నేరేడు పళ్ళు తిన్నట్టు నాలుక నీలంగా అయిందట. నూరాని వీపున కట్టుకుని పైదాకా వెళ్ళిందట. పైనుంచి లాక్ మొత్తం కనిపించిందట.

తర్వాత ఒక వాక్యం ఉంది. ఏవండీ, నాకు ఇక్కడే ఉండిపోవాలనుంది.

మంచి కాగితం మీద, మంచి దస్తూరీతో రాసింది. కాగితానికి రెండో పక్కన కూడా చూశాను. మామా కొత్త గొడుగు కొనుక్కున్న సంగతి ఉంది.

జూలై 21, శనివారం

ఉండిపోవాలనుంది.

జూలై 22, ఆదివారం

రేపటినుంచి శ్రావణమాసం. క్యాలెండర్ చూశాను, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు మూడో తారీఖు శుక్రవారం. పెళ్ళయ్యాక ఇది మూడో శ్రావణం, మూడింట్లోనూ ఆవిడ ఆ కొండల్లోనే ఉంది. ఊళ్ళో మా అమ్మ ఏటా అడుగుతుంది, కోడలు వ్రతం చేసుకుందా అని. చేసుకుందనే రాస్తాను.

మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేరు. ఆవిడ బుకింగ్ తెరిచాను. 28న లండన్ నుంచి కువైట్, ఓకే అని ఉంది. కాన్సిల్ చేశాను. జూలై 31న బయల్దేరే ఫ్లైట్‌లో సీటు వేశాను. రెండు నిమిషాల పని. రోజుకి ఇరవై మందికి చేస్తాను.

ఆఫీసులో మేం అందరికీ చెప్పే అబద్ధం ఒకటుంది. కస్టమర్‌ని మనకి వీలైన తేదీకి తిప్పాలంటే ఆ తేదీకి సీట్లు లేవంటాం. ఎవరూ తిరిగి అడగరు. కంప్యూటర్ మా వైపు తిరిగి ఉంటుంది కదా.

జూలై 23, సోమవారం

ఆఫీసు ఫోన్ నుంచి కిల్లిన్ ఇంటికి చేశాను. ముందు మామాతో మాట్లాడాను. 28న ఓవర్‌బుకింగ్ అయింది, మా ఆవిడ సీటు పోయింది, మళ్ళీ సెప్టెంబర్ ఆఖరుదాకా లేదు, 31న ఒకే ఒక్కటి దొరికింది అన్నాను. మామా విసుక్కుంది. ఆనక సరే, పెద్దపిల్ల చూసుకుంటుందిలే అంది. ఫోన్ సత్యలక్ష్మికి ఇచ్చింది.

ఒక్క సీటు కూడా లేదాండీ అని అడిగింది. లేదన్నాను. సరిగ్గా చూసేరా అంది. ఎనిమిదేళ్ళనుంచీ చూస్తున్నానన్నాను. లైన్‌లో నీళ్ళ చప్పుడు వినిపించిందని నాకనిపించింది, అది లైన్ చప్పుడే అయ్యుంటుంది. వ్రతానికి మాత్రం అందుకుంటానుగా అంది. అందుకుంటావన్నాను.

ఫోన్ పెట్టేశాక కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించాను. సంతోషంగానే ఉంది. అబద్ధం రాయను, చాలా సంతోషంగా ఉంది.

ఆగస్టు 1, బుధవారం

తెల్లవారుజామున దిగింది. కాస్త నలుపు తగ్గింది, ఒళ్ళు చేసింది. స్వెట్టర్ విప్పకుండానే బయటికి వచ్చి, ఆ వేడి మొహానికి కొట్టగానే అయ్ బాబోయ్ అని ఆగిపోయింది.

సూట్‌కేస్‌లో బట్టల మధ్య ఒక గాజు సీసా. ఆకుపచ్చ లేబుల్ షోడా సీసా, మరమూత బిగించి, టవల్‌లో చుట్టింది. నిండా నీళ్ళు. లాక్ నీళ్ళట. వచ్చే రోజు పొద్దున్నే ఒడ్డుకెళ్ళి పట్టిందట. కాశీకెళ్తే గంగ తెచ్చుకోమాండీ, ఇదీ అంతే, సగం వ్రతానికి కలశంలో పోస్తాను, సగం ఊరెళ్ళినప్పుడు కోటిపల్లి రేవులో గోదారిలో కలుపుతాను అంది. వెలుగులో పెట్టి చూశాను. నీళ్ళు పల్చటి టీ రంగులో ఉన్నాయి. మురికేమో అన్నాను. కొండ మీద నల్లమట్టిలోంచి వస్తాయి, అక్కడ నీళ్ళ రంగే అంత అంది.

ఆ కొండల గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను కొబ్బరికాయ చూపించాను. నా మొహం చూసి ఆపేసింది.

మామా రెండో వారం దాకా సెలవిచ్చింది, ఆ తర్వాత వెళ్ళి వాళ్ళొచ్చేలోగా ఇల్లు సర్దిపెట్టాలట. రెండు వారాలు నా ఇంట్లో నా భార్య.

ఆగస్టు 2, గురువారం

పొద్దున సిద్ధయ్య తలుపులు బాదాడు. అన్నా, రోడ్డు మింద ట్యాంకులు పోతాండాయి అన్నాడు. కువైట్ వాళ్ళవేమో అన్నాను. కాదంట, ఇరాక్ వాల్లంట, తోటకి పోయేదానికి లేదు, వెనక్కి తిప్పినారు అన్నాడు.

మేడ ఎక్కి చూశాం. సిటీ వైపు పొగ. సముద్రం వైపు ఏమీ లేదు, మామూలుగా ఉంది.

ఆఫీసుకి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. సత్యలక్ష్మి కిల్లిన్ ఇంటికి చేయమంది. బయటి దేశాల లైన్లు కట్ అయ్యాయి. నూరా ఉరుములకి భయపడుతుందండీ, నేను లేకపోతే పడుకోదు అంటుంది. వాళ్ళకేమీ కాలేదు, అక్కడ చల్లగా ఉన్నారు అని అరిచాను. ఎందుకు అరిచానో ఆవిడకి తెలీదు.

ఆగస్టు 3, శుక్రవారం

వ్రతం చేసుకుంది.

పూలు లేవు. నేను కింద కాంపౌండ్ గోడ పక్కనున్న గన్నేరు కొమ్మలు విరుచుకొచ్చాను. పీట మీద బియ్యం పోసి, కలశం పెట్టి, సీసాలోంచి సరిగ్గా సగం కొలిచి పోసింది. పైన నా కొబ్బరికాయ. పూర్ణం బూరెలు వేయిస్తుంటే బయట కాల్పులు వినిపించాయి. నూనె మాడుతోందేమో చూడండి అని నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి, తొమ్మిది ముళ్ళ తోరం చేతికి కట్టుకుంది.

కథ చదువుకుంటుండగా ఇద్దరు సోల్జర్లు వచ్చారు. కువైట్ వాళ్ళెవరైనా దాక్కున్నారా అని ఇల్లిల్లూ చూస్తున్నారు. ఒకతను కలశం చూసి ఏమిటన్నాడు. ఈద్ అన్నాను. ఏ ఈద్ అన్నాడు. ఆడవాళ్ళ ఈద్ అన్నాను. రెండు బూరెలు తిని, గోడ గడియారం పట్టుకుపోయాడు. పోతే పోనివ్వండి, టైమ్‌తో మనకిప్పుడు పనేముంది అంది.

ఆగస్టు 6, సోమవారం

కలశంలో నీళ్ళు ఇల్లంతా చల్లింది. మిగతా సగం సీసాలో భద్రంగా ఉంది.

ఆగస్టు 8, బుధవారం

ఇది ఇక దేశం కాదట, ఇరాక్ తనలో కలిపేసుకుందట. నేను రాసిన టికెట్ల మీద ఉన్న ఊరు ఇప్పుడు లేదు.

ఆగస్టు 11, శనివారం

రొట్టె కోసం మూడు గంటలు. బీచ్‌లో కందకాలు తవ్వుతున్నారు. సిద్ధయ్య ఎలాగో తోటకి వెళ్ళి టొమాటోలు, దోసకాయలు తెచ్చి బిల్డింగ్ అంతా పంచాడు. మా తోట ఆసామి, ఆ కఫీల్ యాడున్నాడో తెలీదన్నా, తోట తాళాలు నా దగ్గరే ఉండాయి, పికప్ గూడా ఉండాది అన్నాడు. పోదాం అనలేదు. అతని మాట వింటే అదే అర్థమైంది.

ఆగస్టు 14, మంగళవారం

సత్యలక్ష్మి గిన్నెలు కడుగుతూ ఒక మాట అంది. ఒక్క రోజు తేడా వస్తే మీరిక్కడ ఒక్కరూ, నేనక్కడ ఒక్కదాన్నీ అయిపోయేవాళ్ళం కదండీ. మీకేమైందో తెలీక ఆ కొండల్లో పిచ్చెక్కిపోయేది. ఆ ఇరవై ఎనిమిదో తేదీ సీటు పోవడం అమ్మవారి పనే. వ్రతానికి రమ్మని పిలిచింది.

ఆవిడ చేతిలో గిన్నె తీసుకుని నేను కడిగాను. ఎప్పుడూ కడగనివాణ్ణి. ఏంటండీ ఇవాళ అని నవ్వింది.

ఆవిడ నిజంగా అలాగే అనుకుంటోందా? లేక నా మనసు తేలికపడాలని అంటోందా? నాకు తెలియడం లేదు. ఆవిడ అక్కడుంటే వర్షంలో గొడుగేసుకుని గొర్రెలకి దణ్ణం పెడుతూ ఉండేది. ఇక్కడికి లాక్కొచ్చింది నేను. అమ్మవారికి దీంతో ఏ సంబంధమూ లేదు.

ఆగస్టు 15, బుధవారం

ఇవాళ స్వాతంత్ర్య దినోత్సవమని ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

ఆగస్టు 17, శుక్రవారం

చెప్పేశాను.

సిద్ధయ్య సోమవారం బయల్దేరదామన్నాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు. అక్కణ్ణుంచి మన విమానాలు తీసుకుపోతున్నాయట. సత్యలక్ష్మి సరే అంది. బయల్దేరే ముందు శుక్రవారం కదా, ఇంకోసారి దీపం పెట్టి అమ్మవారికి చెప్పుకుంటాను అంది. ఏం చెప్పుకుంటావన్నాను. సీటు పోగొట్టి నన్ను మీ దగ్గరికి చేర్చినందుకు అంది.

నేనే పోగొట్టాను అన్నాను. సీటు పోలేదు. నేను కాన్సిల్ చేశాను. ఇరవై ఎనిమిదిన నీ సీటు ఓకేగానే ఉంది, విండో పక్కన, 23ఏ.

ఆవిడ చేతిలో అగ్గిపుల్ల వెలుగుతోంది. వేళ్ళదాకా కాలింది. పారేసి ఇంకోటి గీసింది. దీపం వెలిగించింది. నమస్కారం చేసుకుంది. నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని ఏం చెప్పుకుందో నాకు తెలీదు.

ఆగస్టు 18, శనివారం

మాట్లాడలేదు. అన్నం పెట్టింది.

ఆగస్టు 19, ఆదివారం

మాట్లాడలేదు. మూటలు కట్టింది. రెండు చీరలు, స్వెట్టర్, పాస్‌పోర్ట్‌లు, టవల్‌లో చుట్టిన సీసా. కొబ్బరికాయ కొట్టి సిద్ధయ్యకి సగం ఇచ్చింది. దోవకి నీల్లెన్ని పట్టాలక్కా అని అతను అడిగాడు. ఆయన్ని అడుగు, లెక్కలన్నీ ఆయనకే తెలుసు అంది.

ఆగస్టు 20, సోమవారం

పొద్దున ఆరింటికి బయల్దేరాం. పికప్ వెనక పదకొండుమందిమి, పైన దుప్పటి గుడారం. మూడు నీళ్ళ క్యాన్లు. ఫింటాస్ అనే ఊరు దాటుతుంటే మా ఏజెన్సీ పెట్టిన పెద్ద బోర్డు కనిపించింది. కొండలు, సరస్సు, పడవలో నవ్వుతున్న కుటుంబం. దాని కింద సోల్జర్లు నీడలో కూర్చున్నారు. సత్యలక్ష్మి ఆ బొమ్మని మెడ తిప్పి మరీ చాలాసేపు చూసింది.

చెక్‌పోస్ట్ దగ్గర ఒక క్యాన్ తీసుకున్నారు.

ఆగస్టు 22, బుధవారం

ఎడారి. పగలు ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఇంకో క్యాన్ అయిపోయింది.

ఆగస్టు 23, గురువారం

సరిహద్దు. ఇరాక్ దాటాం, జోర్డాన్‌లోకి ఇంకా రానివ్వలేదు. మధ్యలో ఏ దేశానిదీ కాని నేల. కొన్ని వేలమంది. గుడారాలు కొన్నే ఉన్నాయి, మిగతావాళ్ళంతా లారీల నీడలో. ట్యాంకర్ రోజుకి ఒకసారి వస్తుందట. ఇవాళ రాలేదు. మన వాళ్ళ ఆఫీసర్ ఒకాయన పేర్లు రాసుకున్నాడు. భీమేశ్వరరావు, సత్యలక్ష్మి, భార్యాభర్తలు, రెండు సీట్లు అన్నాడు. వరస వచ్చినప్పుడు పిలుస్తారట. నాలుగు రోజులో, వారమో.

పికప్ నీడలో కూర్చున్నాం. ఆరు రోజుల తర్వాత ఆవిడ నాతో మాట్లాడింది. ఒక్కటే అడిగింది. రమ్మని ఒక్క మాటంటే వచ్చేసేదాన్ని కదండీ. సీట్లు లేవని ఎందుకు చెప్పేరు?

ఉత్తరంలో నువ్వు ఇక్కడే ఉండిపోవాలనుందని రాశావు అన్నాను. నాకు భయమేసింది అన్నాను.

ఆవిడ నా మొహం వైపు తిరిగి, నేనేదో కొత్త మనిషినన్నట్టు చూసింది. ఉండిపోవాలనుందంటే మనిద్దరం అని కదాండీ. నేనొక్కదాన్నీ ఆ కొండల్లో ఏం చేసుకుంటాను? అది కూడా విడిగా రాయాలా?

నేను ఏడ్చాను. పదకొండుమంది చూస్తుండగా ఏడ్చాను. ఆవిడ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది.

ఆగస్టు 24, శుక్రవారం

ఇవాళ అడిగి మరీ చెప్పించుకున్నాను. ఆగస్టు ఒకటిన నేను విననిదంతా.

పొద్దున్నే లాక్ మీద మంచు పరుచుకుని ఉంటుందట, అవతలి ఒడ్డు కనపడదట. ఎనిమిదింటికి ఆ మంచు లేస్తుంటే ముందు కొండ కింది భాగం కనిపిస్తుందట, తల మాత్రం తర్వాతెప్పుడో. పడవలో నూరాని ముందు కూర్చోబెట్టుకుని తెడ్డు వేసిందట. కోటిపల్లి రేవులో పుట్టినదాన్ని, నాకు పడవ నేర్పుతానంటాడేంటండీ ఆ తెల్లాయన అంది. వాన మొదలైతే ఎవరూ పరిగెత్తరట, అలాగే నడుస్తారట. ఊళ్ళో చిన్న కొట్లో ముసలావిడ ఈవిడ బొట్టు చూసి రోజూ ఒక బిళ్ళ కావాలని అడిగేదట. ఆఖరి రోజున ఒకటి పెట్టించుకుందట. కొండ ఎక్కేటప్పుడు పళ్ళు కోసి కొంగులో వేసుకుంటే చీర మీద మరక పడింది, ఇదిగో అని చూపించింది. నీలం మరక. ఉతికినా పోలేదట.

మీరు చూస్తే కాళ్ళు నొప్పులని కిందే కూర్చుంటారు అంది. ఎక్కుతానన్నాను. ఎక్కుదురుగాని అంది.

ఆ మాటలు చెబుతున్నంతసేపూ పెదవులు తడుపుకుంటూనే ఉంది. ట్యాంకర్ వచ్చింది. మనిషికి ఒక మగ్గు. నీళ్ళు తుప్పు వాసన. తాగాం.

ఆగస్టు 25, శనివారం

పొద్దుటినుంచి ఆవిడకి విరేచనాలు, వాంతులు. క్యాంపులో చాలామందికి ఉంది. డాక్టర్ ఒక్కడు, లైన్ కిలోమీటరు. పొట్లంలో ఉప్పు పంచదార పొడి ఇచ్చి నీళ్ళలో కలిపి పట్టమన్నాడు. నీళ్ళేవి? సిద్ధయ్య క్యూలో ఎవరితోనో కొట్టుకుని, చొక్కా చిరిగిపోయి, అర బకెట్ తెచ్చాడు. అక్కకి పెట్టన్నా, నేను తర్వాత తాగుతాలే అన్నాడు. పట్టినవి పట్టినట్టే బయటికి వచ్చేశాయి.

మధ్యాహ్నం నేను సీసా తీశాను. చెయ్యి అడ్డం పెట్టింది. కోటిపల్లి అంది. రేవులో కలపాలి. మొక్కుకున్నాను.

కోటిపల్లి తర్వాత చూద్దామన్నాను. తల అడ్డంగా తిప్పింది. మొండిది.

సాయంత్రం చెయ్యి పట్టుకుని, ఏవండీ, మంచు లేస్తోందా అని అడిగింది. లేస్తోందన్నాను. ఈ అబద్ధం మాత్రం ఆవిడ కోసమే చెప్పాను.

ఆగస్టు 26, ఆదివారం

తెల్లవారేసరికి పిలిస్తే పలకలేదు. ఊపిరి ఉంది. పక్కనున్న పెద్దావిడ చూసి, నోట్లో తీర్థం పోయి నాయనా అంది.

తులసి లేదు, చెంచా లేదు. సీసా తీశాను. ఈసారి చెయ్యి అడ్డం రాలేదు. మూతతో పోశాను. మొదటిది మింగింది. రెండోది మింగింది. మూడోది పక్కకి కారింది.

కట్టెలు ఎక్కడా లేవు. సిద్ధయ్య, ఇంకో నలుగురు రేకు ముక్కలతో తవ్వారు. నీలం మరకున్న చీరే ఉంచాను. తోరం విప్పలేదు. సిద్ధయ్య రాళ్ళు ఏరుకొచ్చి చుట్టూ పేర్చాడు. గుర్తుండాల కదన్నా అన్నాడు. చుట్టూ చూశాను. అన్నీ రాళ్ళే.

ఆగస్టు 27, సోమవారం

లిస్టులో మా ఇద్దరి పేర్లూ వచ్చాయి.

ఆగస్టు 28, మంగళవారం

అమ్మాన్ ఎయిర్‌పోర్ట్. కౌంటర్‌లో కుర్చీ, మైక్, కాగితాలు, అరుస్తున్న జనం. అటువైపు కూర్చున్నతను నా పనే చేస్తున్నాడు. సీట్లు లేవు, సీట్లు లేవు అంటున్నాడు. నా వంతు వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరేనా అన్నాడు. ఇద్దరం అన్నాను. రెండు బోర్డింగ్ పాసులు ఇచ్చాడు.

విండో పక్కన కూర్చోలేదు. అక్కడ సీసా పెట్టి, బెల్టు కట్టాను. సగానికి కాస్త తక్కువ నీళ్ళున్నాయి.

తలుపులు వేసే ముందు ఎయిర్ హోస్టెస్ ఒక పిల్లతల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. సర్, ఈ సీటు ఖాళీనా అని అడిగింది.

లేదన్నాను.